అన్నీ తామే వాయించుకునేవాళ్లలో బేస్ ఎవరిది గట్టి? ప్రిన్సా, మెకార్ట్నీయా, స్టీవీయా, స్లైయా?

నాలుగుతీగలు
రెండు నెలలుగా ఒక గొడవ బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పెట్టి వదిలించుకుందామని. అమెరికన్ పాప్ స్టార్ ప్రిన్స్ గురించి ఎవరు రాసినా మొదటి ముక్క ఒకటే. 1978లో, పంతొమ్మిదేళ్లకే, మొదటి ఆల్బమ్‌లో 27 వాయిద్యాలు ఒక్కడే వాయించాడని. సరే, ఒప్పుకున్నాం. ఆ తర్వాత గిటార్ గురించి పేజీలు, గొంతు గురించి పేజీలు, డాన్సు, బట్టలు, హైహీల్స్ అన్నీ రాస్తారు. బేస్ (పాట అడుగున లావుగా మోగే నాలుగు తీగల గిటార్) దగ్గరికి వచ్చేసరికి "బేస్ కూడా ఆయనే" అని ఒక్క మాటతో సరి. ఆ "కూడా" చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను ముప్పై నాలుగేళ్ల వయసులో బేస్ పట్టినవాణ్ని. ఎనిమిది నెలలైంది. 1981 నాటి ప్రిన్స్ పాట 'లెట్స్ వర్క్' బేస్ లైను ఇంకా నా చేతికి రాలేదు. "కూడా" వాయించినవాడి లైనే నాకు రాకపోతే నేనెక్కడ తలపెట్టుకోవాలి?

అడిగేదేంటంటే, ప్రిన్స్, బీటిల్స్ పాల్ మెకార్ట్నీ, స్టీవీ వండర్, స్లై స్టోన్, లెన్నీ క్రావిట్జ్ లాంటి అన్నీ తామే వాయించుకునే స్టార్లు ఉన్నారు కదా, వీళ్ల పాట, పేరు, డబ్బు అన్నీ పక్కనపెట్టి ఒట్టి బేస్ ప్లేయర్లుగా చూస్తే ఎవరు ముందు? "అందరూ గొప్పోళ్లే" అని మాత్రం ఎవరూ రాయకండి, దణ్ణం పెడతా.

ఊరికేచదివేవాడు
ప్రిన్స్ అని చూసి మహేష్ బాబు గురించనుకుని లోపలికి వచ్చా. సరే వచ్చాను కాబట్టి కూర్చుంటా.

స్లాప్‌సుబ్బు
ప్రిన్స్. చర్చ అయిపోయింది, ఇళ్లకెళ్లండి.

పాతక్యాసెట్
కారణం చెప్పకుండా ఇళ్లకి పంపే పద్ధతేంటి సుబ్బూ.

స్లాప్‌సుబ్బు
చెప్తా చెప్తా. 'ది టైమ్' అనే బ్యాండ్ పేరు మీద 1982లో వచ్చిన '777-9311' వినండి. అట్ట మీద బ్యాండ్ పేరు, లోపల వాయిద్యాలు దాదాపు అన్నీ ప్రిన్స్‌వే. పైన డ్రమ్ మెషీన్‌లో హై-హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాల శబ్దం) వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంటుంది. మామూలు బేసిస్టు అయితే దాని వెంట పరిగెత్తి అలిసిపోతాడు. ప్రిన్స్ ఏం చేశాడంటే, రెండు మూడు స్వరాలు వేసి ఆగుతాడు, ఆగినచోట హై-హ్యాట్‌ని మాట్లాడనిస్తాడు, మళ్లీ సందులోంచి దూరతాడు. స్టేజీ మీద ఆ లైను వాయించాల్సింది ఆ బ్యాండ్ బేసిస్టు టెర్రీ లూయిస్. ఆయన తర్వాత పెద్ద ప్రొడ్యూసర్ అయ్యాడు, ఆయనకేం తక్కువ చేయట్లేదు. కానీ ఇంకొకడు కూర్చుని నేర్చుకోవాల్సిన లైను ప్రిన్స్ స్టూడియోలో వాయించి పడేశాడు చూడండి, అదీ పాయింటు.

పాతక్యాసెట్
వేగంగా వాయిస్తే గొప్ప అనుకుంటే మా వీధి చివర కుట్టుమిషన్ కూడా గొప్పదే.

నా ఓటు మెకార్ట్నీకి. ఎందుకో కాస్త వివరంగా రాస్తా, ఓపిక లేనివాళ్లు దాటేయండి. అసలు ఈయన బేస్ కోరి పట్టుకోలేదు. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బేసిస్టు స్టువర్ట్ సట్‌క్లిఫ్ బ్యాండ్ వదిలేస్తే బేస్ వాయించే దిక్కులేక ఈయన మెడకి చుట్టుకుంది. ముప్పై పౌండ్లదాకా పెట్టి ఒక హాఫ్నర్ బేస్ కొన్నాడు. వయొలిన్ ఆకారం, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతివాటం మనిషి తిప్పి పట్టుకున్నా వికారంగా కనపడదని. (ఆ బేస్ 1972లో దొంగల పాలై, యాభై ఏళ్లు దాటాక దొరికింది. 2024లో ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో నేనొక్కణ్నే పండగ చేసుకున్నా.)

అలా తప్పక పట్టుకున్న మనిషి ఐదేళ్లు తిరిగేసరికి ఏం చేశాడో వినండి. 1966 'పేపర్‌బ్యాక్ రైటర్'లో బేస్ గట్టిగా వినపడాలని పట్టుబడితే ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకులా తిప్పి పెట్టాడు. ఆ సింగిల్ రెండో వైపున 'రెయిన్' ఉంది, అది హెడ్‌ఫోన్స్‌లో వినండి, పాట నడిపించేది గిటార్ కాదని తెలుస్తుంది. 1967లో 'సార్జెంట్ పెప్పర్' సమయానికి పద్ధతే మార్చేశాడు. మిగతా పాటంతా రికార్డయ్యాక, అందరూ ఇళ్లకెళ్లాక, అర్ధరాత్రి కూర్చుని బేస్ ఒక్కటే విడిగా వేసేవాడు. పాట మొత్తం చెవిలో ఉంది, ఎక్కడ ఖాళీ ఉందో తెలుసు, అప్పుడు వాయించాడు. మా అమ్మ అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలిందో చూసి పోపు పెట్టినట్టు.

స్లాప్‌సుబ్బు
కుట్టుమిషన్‌కి మార్కులు. పోపుకి ఎక్కువ మార్కులు. ఓటు మాత్రం మారదు.

డల్లాస్‌డ్రమ్స్
నేను డ్రమ్మర్ని, మీ బేస్ గొడవలో నాకేం పని అనుకున్నా గానీ మీరు ఒక సంగతి వదిలేశారు. నాలుగుతీగలు గారి జాబితాలో ఉన్నవాళ్లంతా డ్రమ్స్ వాయించినవాళ్లే, చూశారా?

మెకార్ట్నీ 1973లో 'బ్యాండ్ ఆన్ ద రన్' ఆల్బమ్ కోసం లాగోస్ బయల్దేరే ముందు బ్యాండ్‌లో ఇద్దరు చేతులెత్తేశారు, అందులో ఒకడు డ్రమ్మర్. ఏం చేస్తాడు, డ్రమ్స్ కూడా తనే కొట్టాడు. 1969 'బాలడ్ ఆఫ్ జాన్ అండ్ యోకో'లో ఉన్నదే ఇద్దరు, అందులో డ్రమ్స్, బేస్, పియానో ఈయనవే. స్టీవీ 'సూపర్‌స్టిషన్'లో ట్రంపెట్, శాక్సఫోన్ తప్ప మిగతావన్నీ తనవే, ఆ డ్రమ్స్ వింటుంటే నాకే సిగ్గేస్తుంది. క్రావిట్జ్ 1991 'ఇట్ ఏంట్ ఓవర్'లో డ్రమ్స్, బేస్ రెండూ తనే.

మామూలుగా బేసిస్టు చేసే పని ఏంటి, నా కుడికాలు చూడటం. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఎక్కడ పడుతుందో చూసి అక్కడ స్వరం వెయ్యాలి. నేను అర సెకను తేడా చేస్తే వాడు నా వైపు గుర్రుగా చూస్తాడు, వాడు చేస్తే నేను చూస్తా. వీళ్లకి ఆ బాధ లేదు. కాలూ వాళ్లదే, వేలూ వాళ్లదే. ఒకే మనిషి తడబాటు రెండు చోట్లా ఒకేలా పడితే అది తడబాటులా వినపడదు, స్టైల్ అయిపోతుంది. అందుకే వీళ్ల పాటలు వేరే బ్యాండ్ కాగితం మీద చూసి తప్పుల్లేకుండా వాయించినా ఏదో ఉప్పు తక్కువైనట్టే ఉంటుంది.

వీణాపాణి
డల్లాస్ గారు చెప్పింది మాకు కొత్త కాదు :) వీణకి నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళం తీగలు ఉంటాయి. కుడిచేతి చూపుడు, మధ్యవేళ్లు రాగం చూసుకుంటుంటే చిటికెనవేలు తాళం తీగలు మీటుతుంటుంది. చిన్నప్పుడు మా మాస్టారు నా చిటికెనవేలు ఒక్కదాని మీదే ఏడాది పాటు అరిచారు. అది కుదిరాక మిగతా వేళ్లు ఎక్కడ ఆగాలో అదే చెప్పేది. బేస్ గురించి నాకేమీ తెలియదు, కానీ కాలూ వేలూ ఒకరివే అయితే ఏమవుతుందో తెలుసు.

నాలుగుతీగలు
వీణాపాణి గారూ, ఈ ఒక్క పోస్టుకి నా ఎనిమిది నెలల యూట్యూబ్ చాలలేదు.

గోదారిబేస్
ఒక్క మాట అడుగుతా. స్టీవీ వండర్ పేరు ఈ జాబితాలో ఎందుకుంది? ఆయన వాయించింది బేస్ గిటారా? ఎడమచేత్తో కీబోర్డు. 'సూపర్‌స్టిషన్', 'హయ్యర్ గ్రౌండ్', 'బూగీ ఆన్ రెగ్గే వుమన్' అన్నీ మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు). తీగ లేదు, ఫ్రెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) లేదు, వేలికి కాయ లేదు. దాన్ని బేస్ ప్లేయింగ్ అంటే నేనొప్పుకోను. ఆయనకే నిజమైన బేస్ కావాల్సొచ్చినప్పుడు మనిషినే పిలిచాడు, 1976లో 'ఐ విష్' వాయించింది నేథన్ వాట్స్.

పాతక్యాసెట్
అన్నా, కోపం కాస్త ఎక్కువగా ఉంది. స్టీవీ ఏమైనా బాకీ ఉన్నాడా?

గోదారిబేస్
స్టీవీ కాదు, కీబోర్డులు బాకీ. చెప్తా వినండి. పదకొండేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించా. రాజమండ్రి నుంచి అమలాపురం దాకా నేను తినని పెళ్లిభోజనం లేదు. ఒక మాఘమాసంలో, సీజన్ మంచి ఊపు మీద ఉండగా, ఆర్కెస్ట్రా ఆయన పిలిచి "ఒరే, కీబోర్డు అబ్బాయి ఎడమచేత్తో బేస్ కూడా పట్టేస్తున్నాడ్రా, వ్యాన్‌లో ఒక సీటు మిగులుద్ది" అన్నాడు. చూశారా, "బేస్ కూడా". నాలుగుతీగలు గారి ఒళ్లు మండింది చదివితే, నాది పన్నెండేళ్ల కిందటే మండి చల్లారిందనిపించింది. ఆ రోజు వ్యాన్‌లో మిగిలిన సీట్లో స్పీకర్ బాక్సు పెట్టుకుని వెళ్లారు.

డల్లాస్‌డ్రమ్స్
అయ్యో అన్నా. మమ్మల్నయితే వ్యాన్ నుంచే కాదు, పాటలోంచే తీసేశారు. ప్యాడ్ నొక్కితే డప్పు.

ఊరికేచదివేవాడు
కూడా బాధితుల సంఘం పెట్టేద్దామా.

కాయిర్‌కుర్రాడు
గోదారి అన్నా, మీ బాధ అర్థమైంది కానీ మూగ్ అనకండి, దాన్ని తయారుచేసినాయన ఇంటిపేరు మోగ్ అని పలకాలంట.

గోదారిబేస్
మోగేది కాబట్టి మోగ్. నా పాలిట మాత్రం మూగే.

స్లాప్‌సుబ్బు
హహహ ఇది పైన పిన్ చెయ్యండి ఎవరైనా.

కానీ అన్నా, కీబోర్డు బేస్ బేస్ కాదంటే పార్లమెంట్ అనే ఫంక్ (డాన్సు ఊపున్న నల్లజాతి అమెరికన్ సంగీతం) బ్యాండ్ వాళ్ల 'ఫ్లాష్ లైట్' పాట ఏమవ్వాలి? అందులో బేస్ బెర్నీ వొరెల్ మినీమోగ్ మీద వాయించింది. ఆ రోజు బూట్సీ కాలిన్స్ ఏం చేస్తున్నాడో తెలుసా, డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. ఫంక్ బేస్‌కి దేవుడు లాంటి మనిషి, లైను కీబోర్డు వాడికిచ్చి కర్రలు పట్టుకున్నాడు. ఆయనకి లేని పట్టింపు మనకెందుకు?

పాతక్యాసెట్
ఇంకో చిన్న సంగతి. స్టీవీకి ఆ బీరువాలంత సింథసైజర్లు కట్టి పెట్టిన ఇద్దరిలో మాల్కమ్ సెసిల్ ఒకడు. ఆయన అసలు వృత్తి నిలువు బేస్ వాయించడం, జాజ్ మనిషి. అంటే ఆ మోగ్ శబ్దం లావుగా, చెక్కలోంచి వచ్చినట్టు ఉండటానికి ఒక బేసిస్టు చెవి కూడా దగ్గరుండి పనిచేసింది. 'బూగీ ఆన్' ఇంకోసారి వినన్నా, ద్వేషంతోనే విను. స్వరం మొదలవడం ఒకచోట, చేరేది ఇంకోచోట, మధ్యలో నీళ్లలో బుడగ లేచినట్టు జారుతుంది.

గోదారిబేస్
చూద్దాం.

రాజాభక్తుడు
మీరంతా అమెరికా, ఇంగ్లాండ్ తిరుగుతున్నారు. ఇళయరాజా గారి పాటల్లో బేస్ లైన్ల ముందు ఇవన్నీ ఎంత? ప్రతి స్వరం ఆయనే నొటేషన్ రాసి ఇచ్చేవారు.

పాతక్యాసెట్
రాజా గారి బేస్ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన రాసిచ్చారు, వాయించింది వేరేవాళ్లు. ఇక్కడ మాట్లాడేది రాసిందీ, వాయించిందీ, పక్కన డ్రమ్స్ కొట్టిందీ ఒక్కళ్లే అయినవాళ్ల గురించి. రాజా గారికి వేరే చర్చ పెట్టండి, మొదటి పోస్టు నాదే.

రాజాభక్తుడు
పెడతా. ఈ చర్చకంటే పొడుగవుతుంది చూస్కోండి.

కాయిర్‌కుర్రాడు
స్లై స్టోన్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు, ఆయన 2025 జూన్‌లోనే పోయారు కూడా. నేను చెప్తా. గుంటూరు దగ్గర మా చర్చిలో బేస్ నాదే.

స్లై బ్యాండ్‌లో బేస్ లారీ గ్రహమ్. బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో తీగ లాగి వదిలే స్లాప్ పద్ధతికి ఆద్యుడు. అది ఎలా పుట్టిందో ఆయన చెప్పింది చదివి నేను ఆశ్చర్యపోయా. కుర్రతనంలో వాళ్లమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. ఈయన గిటార్ వాయిస్తూ ఆర్గాన్ పెడళ్ల మీద కాళ్లతో బేస్ వేసేవాడు. ఆర్గాన్ పాడైంది, సరే బాగయ్యేదాకా అని ఒక బేస్ అద్దెకి తెచ్చాడు. తర్వాత డ్రమ్మర్ కూడా లేకుండా పోయాడు. ఇక కిక్ బదులు బొటనవేలి దెబ్బ, స్నేర్ (కర్రతో కొట్టే చురుకు డ్రమ్ము) బదులు లాగి వదిలిన తీగ. అంతే, అక్కడి నుంచి వచ్చింది ఇదంతా.

మా చర్చిలో డ్రమ్స్ వాయించే అన్న రాని ఆదివారాలు నేను చేసేది సరిగ్గా ఇదే! లారీ పేరు కూడా తెలియకముందు నుంచీ చేస్తున్నా. పాస్టర్ గారు మాత్రం "బాబూ, తీగ తెగుద్దేమో" అంటారు.

ఇక స్లై. 1971 'దేర్ ఈజ్ ఎ రయట్' ఆల్బమ్‌కి వచ్చేసరికి బ్యాండ్ చెదిరిపోతోంది, లారీ మరుసటేడాది వెళ్లిపోయాడు. చాలా పాటల్లో బేస్ స్లై తనే వేసుకున్నాడు, డ్రమ్మర్ బదులు డ్రమ్ మెషీన్. అదే టేప్ మీద చెరిపి, మళ్లీ వేసి, మళ్లీ చెరిపి వేయడంతో శబ్దమంతా మసకబారిపోయింది. ఆ బేస్‌లో లారీ దెబ్బ లేదు, చురుకు లేదు, రాత్రంతా నిద్రలేని మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటుంది. నాకు లారీ అంటే పిచ్చి, కానీ ఒంటరిగా ఉన్న రోజు వినేది స్లై వాయించినదే.

నాలుగుతీగలు
ఇది బాగా చెప్పావ్ తమ్ముడూ. లారీ తర్వాత రోజుల్లో ప్రిన్స్ దగ్గరికే చేరాడు, మినియాపొలిస్‌కి మకాం మార్చి మరీ. ప్రిన్స్ స్లాప్ మీద ఆయన ప్రభావం అంతకుముందు నుంచే ఉంది.

డల్లాస్‌డ్రమ్స్
లారీ అనగానే అందరూ స్లాప్ అంటారు. 1968 'ఎవ్రీడే పీపుల్' వినండి, పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒక్క స్వరం. ఇంకోటి ముట్టుకోలేదు. డ్రమ్మర్‌గా చెప్తున్నా, అలాంటి బేసిస్టు దొరికితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా.

ఊరికేచదివేవాడు
ఒక్క స్వరమైతే నేను కూడా ఈ వారం నుంచే మొదలుపెట్టొచ్చన్నమాట. బేస్ ఎంతుంటుంది రేటు?

గోదారిబేస్
నాది ఉంది, అమ్మను.

స్లాప్‌సుబ్బు
ఇప్పుడు నేనే నా హీరో మీద ఒక రాయి వేసుకుంటా. ఆ 27 వాయిద్యాల జాబితా పూర్తిగా ఎవరైనా చదివారా? బేస్ గిటార్ ఒకటి, ఫజ్ బేస్ (శబ్దం గరగరలాడేలా చేసింది) ఇంకోటి, సింథ్ బేస్ ఇంకోటి, నోటితో పాడిన బేస్ ఇంకోటి. ఒక్క బేస్‌నే నాలుగుసార్లు లెక్క కట్టారు. ఇంకా కిందికెళ్తే చప్పట్లు, చిటికెలు. నిజంగా. చిటికెలు ఒక వాయిద్యం.

ఊరికేచదివేవాడు
అలా అయితే మా తాతయ్య కూడా మల్టీ-ఇన్‌స్ట్రుమెంటలిస్టే. చిటిక, చప్పట, గురక.

పాతక్యాసెట్
అయినా సుబ్బూ, నీ వాదనకి అసలు దెబ్బ వేరే ఉంది. ప్రిన్స్‌కి అమెరికాలో మొదటి నంబర్ వన్ పాట 1984 'వెన్ డవ్స్ క్రై'. అందులో బేస్ లేదు. వాయించాడు, రికార్డు చేశాడు, తర్వాత తీసేశాడు. 1986లో 'కిస్'. అదీ నంబర్ వన్, అందులోనూ బేస్ లేదు. గొప్ప బేసిస్టు అని నువ్వు మోస్తున్న మనిషి, రెండు పెద్ద హిట్లలో బేస్ పీకేశాడు. మెకార్ట్నీ పాటలోంచి బేస్ పీకితే పాట కూలుతుంది.

నాలుగుతీగలు
దీని గురించే నేను నిద్రపోకుండా ఆలోచించా. మామూలు బ్యాండ్‌లో ప్రొడ్యూసర్ "ఈ పాటలో బేస్ వద్దు" అంటే ఏమవుతుంది? బేసిస్టు మొహం మాడ్చుకుంటాడు, బయటికెళ్లి సిగరెట్ కాలుస్తాడు, మర్నాడు రాడు. ఎవరూ అంత గొడవ పెట్టుకోరు కాబట్టి బేస్ ఉండిపోతుంది. ఇక్కడ తీసేసిందీ, తీయించుకున్నదీ ఒకడే. 'డవ్స్ క్రై' హెడ్‌ఫోన్స్‌లో విన్నా, కిక్ డ్రమ్ కింద నేల లేనట్టు ఉంటుంది, పాటంతా గాల్లో వేలాడుతుంది. అక్కడ ఏం వాయించకూడదో బేస్ చేతికి తెలిసినవాడికే తెలుస్తుంది.

ఊరికేచదివేవాడు
నా ఫోన్ స్పీకర్‌లో వింటే లోకంలో పాటలన్నీ 'వెన్ డవ్స్ క్రై'లే.

వీణాపాణి
😂😂

గోదారిబేస్
నాలుగుతీగలు, నీ మాట బానే ఉంది కానీ ఒక తేడా చెప్తా. ప్రిన్స్ తన బేస్ తను తీసుకున్నాడు. నా బేస్ వేరేవాడు తీశాడు. రెండింటికీ శబ్దం ఒకటే రావచ్చు, నాకొచ్చే ఫీలింగ్ ఒకటి కాదు.

డల్లాస్‌డ్రమ్స్
దీనికి నా దగ్గర జవాబు లేదన్నా.

నాలుగుతీగలు గారూ, మీ 'లెట్స్ వర్క్' సంగతి. మీరు కొట్టే చెయ్యి మీద దృష్టి పెట్టి ఉంటారు, అందరూ అదే చేస్తారు. ఆపే చెయ్యి చూడండి. స్లాప్‌లో సగం దెబ్బలకి స్వరం ఉండదు, ఎడమచెయ్యి తీగ మీద ఊరికే ఆనించి ఉంచితే టక్ మని చచ్చిన శబ్దం వస్తుంది, అదే స్నేర్. ఒక వారం బేస్ ముట్టుకోకుండా లైను నోటితో పాడుతూ కాలితో కిక్ వెయ్యండి. తర్వాత సగం స్పీడులో పట్టుకోండి.

నాలుగుతీగలు
ఆఫీసు క్యాబ్‌లో మొదలుపెట్టా. పక్కావిడ సీటు మారింది.

కాయిర్‌కుర్రాడు
లెన్నీ క్రావిట్జ్‌కి ఒక్క ఓటు కూడా పడలేదు పాపం.

పాతక్యాసెట్
పాత వాళ్లవి చక్కగా నేర్చుకున్న కుర్రాడు. ఆయన బేస్ విన్నప్పుడల్లా నాకు వేరేవాళ్ల రికార్డు వినాలనిపిస్తుంది. అది తిట్టో పొగడ్తో మీరే అనుకోండి. టాడ్ రండ్‌గ్రెన్‌ని కూడా మర్చిపోయాం, 1972లో నాలుగు వైపుల ఆల్బమ్‌లో మూడు వైపులు ఒక్కడే వాయించాడు. కానీ ఆయన బేస్ లైను ఒక్కటైనా ఈల వేసి చూపించమంటే నావల్ల కాదు. మెకార్ట్నీవి ఇరవై వేస్తా.

స్లాప్‌సుబ్బు
వేసి పంపండి, ఈలల ఆల్బమ్ చేద్దాం.

గోదారిబేస్
రాత్రి పదకొండుకి 'బూగీ ఆన్' పెట్టుకుని కూర్చున్నా, బేస్ గిటార్ మీద దించుదామని. తప్పులు పట్టడానికే కూర్చున్నా, దాచుకోను. స్వరాలు ఇరవై నిమిషాల్లో దొరికాయి. జారుడు దొరకట్లేదు. ఫ్రెట్టు మీద తోస్తే ఒకటి ఒకటి మెట్టు దిగినట్టు టకటక వినపడుతుంది, అక్కడేమో నూనె రాసిన నేల మీద కాలు వేసినట్టు పోతుంది. రెండింటికి ఆపేశా, మా ఆవిడ లేచింది.

పాతక్యాసెట్
ఫ్రెట్లు లేని బేస్ మీద అయితే వస్తుందేమో అన్నా.

గోదారిబేస్
అదే అనుకుంటున్నా. పాత బేస్‌కి ఫ్రెట్లు పీకించడానికి ఎంతవుతుందో ఎవరికైనా తెలుసా? ఇంకొకటుంది నా దగ్గర, ఆర్కెస్ట్రా రోజులది, మెడ కాస్త వంగింది.

ఊరికేచదివేవాడు
అమ్మను అన్నది దాన్నేనా?

గోదారిబేస్
అది వేరే.